చేతి తేడా

నాలుగో తొడుగుకు చక్రాల వంపు కత్తిరిస్తోంది మంగతాయారు. పాలీకార్బనేట్ రేకును రవికె చంక కత్తిరించినట్టే కత్తిరించాలి. ఎక్కువ పోతే మళ్ళీ అతికించలేం, తక్కువ పోతే ఒరుసుకుంటుంది. వంపు కత్తెర మొనను గీత మీదుగా నెమ్మదిగా నడిపించి, ఊడివచ్చిన ముక్కను బల్ల కింద బుట్టలో పడేసింది. తొడుగును బుల్లి బండి మీద బోర్లించి, ముందు చక్రాన్ని వేలితో ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి చూసింది. అంచుకు తగల్లేదు.

"నాలుగు సరిపోయింది," అంది గాలిలోకి.

"నమోదయింది," అంది సమవర్తి, గోడలోంచి.

ఆ యంత్రానికి ఆ పేరు పెట్టిన పెద్దమనిషికి 'అందరినీ సమంగా చూసేది' అన్న అర్థం ఒక్కటే తెలుసో, యముడికి కూడా అదే పేరని తెలిసే పెట్టాడో ఎవరూ అడగలేదు. కాకినాడకి సముద్రపు కట్ట కట్టిన ఏడాది అడగాల్సినవి వేరే చాలా ఉన్నాయి.

కట్ట వెనక ఎనిమిది లైన్ల ఇళ్ళు. లోతు సముద్రంలోంచి చలువనీళ్ళు తెచ్చే గొట్టం ఒక్కటే. ఆ నీళ్ళు ఏ లైను గోడల్లో పారితే ఆ లైనులో మధ్యాహ్నం పూట మనుషులు మనుషుల్లా ఉంటారు. మిగతా ఏడు లైన్లలో నెత్తిన తడిగుడ్డ వేసుకుని, పొద్దు వాలేదాకా అరుగుల మీద కూర్చుని ఒకళ్ళనొకళ్ళు కసురుకుంటారు. ఎనిమిదిగా పంచితే ఎవరికీ చాలదని సమవర్తి మొదట్లోనే లెక్క కట్టి చెప్పింది. కట్టింది యంత్రం కాబట్టి ఎవరూ మళ్ళీ కట్టి చూడలేదు.

వంతు ఎవరిదన్నది మాత్రం యంత్రం చెప్పకూడదు. యంత్రం చెబితే రాళ్ళు పడతాయి, అదృష్టం చెబితే దణ్ణాలు పడతాయి. అందుకని గురువారం గురువారం బళ్ళ పందెం. బళ్ళూ మోటార్లూ సమవర్తే చేస్తుంది, వెంట్రుకవాసి తేడా లేకుండా. కరెంటు ట్రాక్‌లోంచే అందుతుంది. తొడుగొక్కటే మనిషి చెయ్యాలి. రిమోట్లు పట్టుకున్న ఎనిమిదిమంది బళ్ళను తిప్పుతూ గుద్దించుకుంటారు. తొడుగు చీలినా ఊడినా ఆ బండి బయటికి. చివరిదాకా ఎవరి తొడుగు నిలిస్తే వారమంతా మధ్యాహ్నపు చలువ వాళ్ళ లైనుది. ఏ తొడుగు ఎవరికి వెళుతుందో చీటీ తీసేదాకా సమవర్తికి కూడా తెలియదు.

అంటే ఈ మొత్తం ఏర్పాటులో ముందుగా లెక్కకు అందనిది మంగతాయారు చెయ్యి ఒక్కటే. నిబంధనల్లో దానికి 'చేతి తేడా' అని పేరు.

"ఇన్నేళ్ళు వంటలో చెయ్యి తేడా రాకుండా కాపురం చేశాను. ఉద్యోగం మాత్రం తేడా వస్తుందనే ఇచ్చారు," అంటుందామె ఇంట్లో. ఆ మాటలో మొదటి సగాన్ని భర్త ఒప్పుకోడు.

రంగు గదిలోంచి సత్యవేణి తొంగి చూసింది. తొడుగులకు రంగులు ఆమె వేస్తుంది. రంగు ఎప్పుడూ లోపలివైపునుంచే వేయాలి. ట్రాక్ మీద ఎంత గీసుకున్నా బయట రేకు గీసుకుంటుందే తప్ప రంగు పోదు. చెయ్యి తిరిగిన మనిషి. అలాంటిది ఇవాళ పసుపు తొడుగు ఒక పక్క పలచగా, ఒక పక్క ముద్దగా వచ్చింది.

"తాయారక్కా, ఒకసారి ఇలా రావా. ఈ పసుపు చూద్దూగాని."

మంగతాయారు వెళ్ళింది. రంగు గదిలో పొగ లాగే పంకా హోరుకి సమవర్తి చెవులు పనిచెయ్యవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పసుపు చూడటానికి పిలవలేదనీ తెలుసు.

"ఒకటి అడుగుతాను, తిట్టకు."

"అడక్కుండానే తిట్టమంటావేటి?"

"రేపు మా లైను గెలవాలి."

"మా లైనూ గెలవాలి. మా ఆయన వీపు మీద చెమటకాయలు చూస్తే నువ్వు కూడా అదే అంటావు."

"వెటకారం వద్దక్కా." సత్యవేణి స్ప్రే గన్ను కింద పెట్టింది. "పిల్లోడికి ఒళ్ళు కాలిపోతంది. నిన్నటేల నుంచీ పాలు పట్టట్లేదు. నెల తక్కువ బిడ్డ, మధ్యాన్నాలు చల్లగా ఉంచకపోతే ఇంకో వారం ఆగడు అంది నర్సమ్మ. ఆసుపత్రిలో మంచాల్లేవు. చలువ లైనుకి తీసుకెళ్దావంటే ఆ గేటు ఆళ్ళ అరచేతులకి తప్ప తెరుచుకోదాయె."

సత్యవేణి కోడలు కన్న బిడ్డని మంగతాయారు ఒక్కసారే చూసింది. దోసకాయంత ఉన్నాడు, ముఖం మాత్రం వయసుమళ్ళిన గుమస్తాలా చిరాగ్గా పెట్టాడు. అప్పుడు ఆ మాట అంటే అందరూ నవ్వారు.

"ఒక్క తొడుగు గట్టిగా చేసిపెట్టు," అంది సత్యవేణి.

"ఏది?"

సత్యవేణి ఇక్కడ ఆరబెట్టిన తొడుగుల వైపూ, తలుపులోంచి అవతలి బల్ల మీదున్నవాటి వైపూ చూసింది, మొత్తం ఎనిమిది. ఎరుపు, నీలం, పసుపు, మిగతావి. వీటిలో తమ ఆరో లైనుకి వెళ్ళేది ఏదో రేపు చీటీ తీస్తేగానీ తెలియదు. ఆమె కళ్ళు ఒకదాని మీంచి ఒకదానికి వెళ్ళి, ఎక్కడా ఆగలేక నేల మీదికి దిగాయి. ఎవరూ తమవాళ్ళ కోసం దొంగపని చెయ్యలేకుండా చేసిన ఏర్పాటు ఇది. చాలా తెలివిగా చేశారు.

మంగతాయారు పసుపు తొడుగును వెలుతురుకు పట్టి, నిజంగానే రంగు చూస్తున్నట్టు కాసేపు చూసింది. పంక్తిలో కారం పడని మనిషి ఎవరో తెలియనప్పుడు ఇల్లాలు ఏం చేస్తుంది? గుండిగలోనే తగ్గిస్తుంది.

"పందెం నడుస్తున్నంతసేపూ చలువ ఎవరికి పారుతుంది?" అంది.

"వంతు తేలలేదు కదా, అందరికీ. అదెంతసేపులే. అన్నం వార్చేలోపు అయిపోద్ది. గోడైనా చల్లబడదు."

"ఏ తొడుగూ ఊడకపోతే?"

సత్యవేణి తలెత్తి చూసింది. పంకా తిరుగుతోంది.

"ఎనిమిదో వంతు చాలదని సమవర్తి చెప్పింది కదక్కా."

"చెప్పింది. చాలుతుందో లేదో నాకూ తెలీదు, సత్యా. చీటీని నమ్ముకుంటే ఒకసారి నిండా వస్తది, ఏడుసార్లు చుక్క రాదు. ఇలా చేస్తే కాస్త తప్పకుండా వస్తది. ఆ కాస్త సరిపోద్దని నేను మాటివ్వలేను. మనవడు నీవాడు. నువ్వు చెప్పు."

సత్యవేణి చేతులకి అంటిన పసుపురంగు గుడ్డకి తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

"ఆ మెష్ టేపు చుట్టలు పైఅరలో ఉన్నాయి. నిచ్చెన నేను పట్టుకుంటాను," అంది.

తొడుగు లోపల మూతి మూలల్లో, వలలా గళ్ళుండే ఆ మెష్ టేపు ముక్కలు రెండు వేసి పైన గమ్ము రాయడం ఆ గదిలో ఆనవాయితీ. రేకు ఎంత మందం ఉండాలో, రంధ్రాలు ఎన్ని ఉండాలో నిబంధనల్లో ఉంది గానీ టేపు ఎంతన్నది ఎక్కడా లేదు. మంగతాయారు మూతి పొడవునా వేసింది. చక్రాల వంపుల చుట్టూ వేసింది. పగుళ్ళు ఎప్పుడూ అక్కడే మొదలవుతాయి. బండి మీద నిలబడే నాలుగు కడ్డీలు తొడుగులోంచి పైకి వచ్చే రంధ్రాల చుట్టూ రెండు వరసలు వేసింది. గమ్మును వేలితో, అట్లపెనానికి నూనె రాసినట్టు, టేపు గళ్ళలోకి ఇంకేలా అదిమింది. కడ్డీకి గుచ్చే పిన్నులు గుద్దుడుకి జారిపోకుండా ఒక్కోదానికి ఎదురుపిన్ను పెట్టింది. ఎనిమిదికీ ఒకటే కొలత. ఒకదానికి ఎక్కువా లేదు, ఒకదానికి తక్కువా లేదు. చేతి తేడా కోసం పెట్టుకున్న మనిషి ఇంత సమంగా పనిచెయ్యడం ఇదే మొదలు.

"టేపు వినియోగం మామూలుకంటే ఎక్కువగా ఉంది," అంది సమవర్తి.

"వేసంగి కదండీ, రేకు పెళుసెక్కుతుంది."

"కారణం నమోదయింది. బరువుల్లో పరస్పర తేడా లేదు. అభ్యంతరం లేదు."

ఆఖర్న తొడుగుల పైన ఉండే పలచటి రక్షణ పొరను ఒలిచారిద్దరూ. ఉడికిన చామదుంప తొక్కలా సులువుగా వచ్చేసింది. లోపలి రంగు ఒక్కసారి తళుక్కుమంది. పసుపొక్కటి కాస్త మచ్చలుగా ఉంది.

మరునాడు మధ్యాహ్నం చీటీలు తీశాక ఆ మచ్చల పసుపే ఆరో లైనుకి వచ్చింది. ఆ లైను తరఫున రిమోటు పట్టే సుందరరావుగారు రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి.

"ఇదేంటమ్మా, కామెర్లొచ్చినట్టుంది," అన్నాడు సత్యవేణితో.

"నడపండి బాబాయ్, రంగుతో మీకేటి."

పందెం మొదలైంది. మొదటి గుద్దులోనే మూడో లైను మహబూబీ నీలం బండి, సుందరరావు పసుపుబండిని పక్కనుంచి ఎత్తి పడేసింది. పసుపు బండి రెండు పల్టీలు కొట్టి, చక్రాల మీద నిలబడి, ఏమీ జరగనట్టు వెళ్ళిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. అన్నం వార్చినంతసేపు గడిచింది. బళ్ళు గుద్దుకుంటూనే ఉన్నాయి, డబ్బా మూతలు కొట్టుకున్నట్టు చప్పుడు, అంతే. ఎనిమిది తొడుగులూ ఎనిమిది బళ్ళ మీదే ఉన్నాయి. కూర కూడా ఉడికి ఉంటుంది.

"ఏటండీ ఇది, పందెమా పేరంటమా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

చప్పట్లు కొట్టి విసిగినవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళకు బయలుదేరారు. సత్యవేణి అందరికంటే ముందు వెళ్ళింది. వెళ్ళేటప్పుడు మంగతాయారు వైపు చూడలేదు. మంగతాయారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని బళ్ళను చూస్తూ కూర్చుంది. తొడుగుల మీద చూపుంది గానీ మనసు ఆరో లైనులో ఉంది. చాలకపోతే? ఎనిమిదింట ఒక వంతు అదృష్టాన్ని ఆ పిల్లాడి నోటి దగ్గరనుంచి తీసేసింది తనే.

పందిరి స్తంభంలోంచి సమవర్తి పలికింది, ఆమెకే వినపడేటంత మెల్లిగా.

"పందెం వ్యవధి అంచనా దాటింది. తొడుగుల్లో లోపం ఉంటే వాటిని తీసివేయించే అధికారం తయారీదారుకి ఉంది."

"లోపం ఉంటే కదండీ."

"ఏడింటిలో లోపం ఉందని చెప్పవచ్చు. ఏ ఏడన్నది మీ విచక్షణ. విచారణ ఉండదు. పసుపు తొడుగు ఆరో లైనుదని మీకు తెలుసు."

మంగతాయారు స్తంభం వైపు తిరిగింది. పంకా హోరులో వినపడలేదనుకున్నది ఎంత వినపడిందో, దానికి అసలు చెవులే అవసరమో కాదో ఆమెకు అర్థం కాలేదు. అదిచ్చేది లంచమని దానికైనా తెలుసా అన్నది ఇంకా అర్థం కాలేదు.

"కాస్త ఆగండి. అడిగి చెప్పాలి," అంది.

సత్యవేణి ఎండలో పడి తిరిగొచ్చింది. నెత్తిన కొంగు, ముఖమంతా చెమట. వచ్చి పక్కన కూలబడి, ఊపిరి తీసుకుంది.

"తాగాడక్కా. రెండు పక్కలా తాగి పడుకున్నాడు. గోడకి చెయ్యానిస్తే నిండా చల్లగా ఏం లేదు, పొద్దుటేల ఉన్నట్టుంది. అది చాల్లే అంటంది నర్సమ్మ."

మంగతాయారు చెప్పాల్సింది చెప్పింది. నిండా కావాలంటే సమవర్తి ఇప్పుడే ఇస్తానంటోందనీ, వారమంతా ఆరో లైనుకేననీ, తను నోరు తెరిస్తే చాలనీ.

సత్యవేణి కొంగుతో మెడ తుడుచుకుంది. నిండా చలువంటే ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. ఎప్పుడో గెలిచిన వారం ఆ గోడకి వీపు ఆనించి నిద్రపోయిన మనిషే.

"ఐదో లైనులోంచి అడ్డంపడి వచ్చాను," అంది. "అరుగు మీద ఒక్క మనిషి లేడక్కా. అన్ని తలుపులూ వేసున్నాయి. గురకలు వీధిలోకి వినపడతన్నాయి."

"అయితే?"

"పడుకున్నోళ్ళని లేపడం ఏటి, పాపం."

మంగతాయారు లేచి నిలబడి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"చూశానండీ," అంది స్తంభంతో. "ఎనిమిదీ బాగున్నాయి. నా పనిలో లోపం లేదు."

"ఎనిమిది లైన్లలో గోడల వేడి తొలి అంచనాతో సరిపోవడం లేదు," అంది సమవర్తి. అది చెప్పిందో, దానిలో అది అనుకుందో తెలియలేదు. తరువాత, ఇన్నేళ్ళలో ఎవరినీ ఏదీ అడిగి ఎరగనిది, అడిగింది. "పందెం ఎప్పుడు ముగుస్తుంది?"

"ఎండ తగ్గాకండి."

"ఈ రోజా?"

"రేపూ ఉంటది కదండీ ఎండ."

ట్రాక్ పక్కన సుందరరావు అప్పటికే ఒంటికాలి మీదనుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. పందెం ఇంతసేపు నడుస్తుందని తెలిస్తే ఆయన మజ్జిగ తాగి ఉండేవాడు కాదు.

"అమ్మాయ్, ఎవరైనా ఇది కాస్త పట్టుకోండి. నేను అలా వెళ్ళొస్తాను."

"రా తాయారక్కా," అంది మహబూబీ అవతలినుంచి, నీలం బండిని మర్యాదగా పక్కకి తప్పిస్తూ. "నేను మెల్లిగా తగిలిస్తాలే."

"ముగింపు సమయం నమోదు చెయ్యాలి," అంది సమవర్తి. "ఆ గడిలో ఏమి రాయాలి?"

"తెలీనప్పుడు ఖాళీగా వదిలెయ్యండి. మేం అలాగే చేస్తాం," అంది మంగతాయారు, రిమోటు అందుకుంటూ.