మిలిటరీ లారీకి హర్షిణి పోసిన నీళ్లు

"ఇది క్లచ్. ఇది బ్రేక్. ఇది గేర్ రాడ్డు." హర్షిణి ఒక్కొక్కటే చూపిస్తోంది.

పక్క సీట్లో కూర్చున్న లేవి నోరు తెరుచుకుని వింటున్నాడు. ఇద్దరిదీ ఐదో తరగతే.

ఆ పాత మిలిటరీ లారీ హర్షిణి తాత, ఆమె జేజినాయన అని పిలిచే ఓబుళేశుది. ఆయన సైన్యంలో డ్రైవరుగా పనిచేశాడు. రిటైరయ్యాక, తాను నడిపినటువంటి లారీనే వేలంలో కొని, మైదుకూరు దగ్గరున్న తమ ఊరికి తెచ్చుకున్నాడు. ఏళ్ల తరబడి వేరుశనగ మూటలు మోసి, చివరికి అది కల్లంలో ఆగిపోయింది. పోయినేడు జేజినాయన చనిపోయాక లారీ నాన్న వేణుగోపాల్‌కు వచ్చింది.

"దీన్ని మళ్లీ నడిపించాల్సిందే!" అని నాన్న పట్టుబట్టాడు. మెకానిక్ లక్ష్మన్నతో కలిసి ఎండాకాలమంతా దానితో కుస్తీ పట్టాడు. ఈరోజే స్టార్ట్ చేసే రోజు.

"రేడియేటర్‌కు బిందెడు నీళ్లు తెచ్చి పెట్టమ్మా. మేం పోయి బ్యాటరీ తెస్తాం," అని చెప్పి నాన్న, లక్ష్మన్న బైకు మీద వెళ్లారు.

పిల్లలిద్దరూ బిందె మోసుకొచ్చారు.

"మనమే పోసేద్దాం పా," అంది హర్షిణి.

"యాడ పొయ్యాల్నో నీకు తెలుసా?"

"నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తాదిరా?"

నిజానికి ఆమెకు తెలియదు. లారీ పక్కన ఓ మూత కనిపించింది. తిప్పితే ఊడి వచ్చింది. గుప్పుమని ఘాటు వాసన కొట్టింది. హర్షిణి చెయ్యి ఆగింది. కానీ లేవి చూస్తున్నాడాయె! చెంబుతో ముంచి గబగబా పోసేసింది.

కాసేపటికి నాన్న, లక్ష్మన్న వచ్చి బ్యాటరీ బిగించారు. నాన్న లారీ ముందుకెళ్లి బానెట్ ఎత్తాడు. రేడియేటర్ మూత తీసి, బిందెలో మిగిలిన నీళ్లు అందులో పోశాడు.

హర్షిణి లారీ పక్కనున్న మూత వైపు చూసింది. మరి తను పోసింది దేంట్లో? లేవి ఆమె వైపు చూశాడు. హర్షిణి పెదాల మీద వేలు పెట్టింది.

ఇంతలో హర్షిణి నాన్నమ్మ, జేజి రామలక్ష్మమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. "మీ జేజినాయన నన్ను దీంట్లోనే మైదుకూరుకు సినిమాకు తీసకపోతాండె," అంటూ ముందు సీట్లో దర్జాగా కూర్చుంది.

నాన్న స్టార్ట్ చేశాడు. కుర్ర్... కుర్ర్... టప్! ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ టప్! లక్ష్మన్న ప్లగ్గులు తీసి తుడిచాడు. వైర్లు చూశాడు. ఎండ నడినెత్తికి వచ్చింది.

"నువ్వు కార్బొరేటర్ సరిగా బిగించలేదు లక్ష్మన్నా!" నాన్న విసుక్కున్నాడు.

లక్ష్మన్న ముఖం చిన్నబోయింది. "అది బాగుండాది వేణన్నా. నా చేతులతో కడిగి బిగించినా."

"ఇంక చాలులేప్పా. పాత ఇనుమోళ్లకు ఇచ్చేద్దాం," అన్నాడు నాన్న.

జేజి మెల్లగా సీటు దిగింది. లక్ష్మన్న పానాలు, స్క్రూడ్రైవర్లు అన్నీ సంచిలో వేసుకోసాగాడు.

హర్షిణి ఇక ఓర్చుకోలేకపోయింది.

"నాన్నా, లక్ష్మన్న మామ తప్పేం లేదు. నేనే... ఆ మూత తీసి నీళ్లు పోసినా."

నాన్న అటు చూశాడు. "పెట్రోల్ ట్యాంకులోనా!"

ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. హర్షిణి తల దించుకుంది. అంతలో లక్ష్మన్న పకపకా నవ్వాడు. "ఇంతసేపూ ఇంజన్‌కు నీళ్లు తాపిస్తాండామా మనం!"

జేజికీ నవ్వొచ్చింది. నాన్న కోపం నిలుపుకోవాలని చూశాడు కానీ కుదరలేదు.

"తెలీనప్పుడు అడగొచ్చు గదమ్మా?"

"తెలీదంటే లేవి నవ్వుతాడనుకున్యా."

"నేనెందుకు నవ్వుతా? నాకూ తెలీదు గదా!" అన్నాడు లేవి.

నాన్న లక్ష్మన్న భుజం మీద చెయ్యి వేశాడు. "నిన్ను ఊరికే అంటినప్పా. మనసులో పెట్టుకోవద్దు."

"అదేం మాట వేణన్నా! పా, ట్యాంకు ఖాళీ చేద్దాం."

లక్ష్మన్న ట్యాంకు అడుగునున్న బోల్టు విప్పాడు. హర్షిణి టబ్బు పట్టుకుంది. ముందు నీళ్లు, వాటి వెనకే పెట్రోల్ వచ్చాయి. "నీళ్లు బరువు. అందుకే అడుక్కు దిగుతాయి," అని లక్ష్మన్న చెప్పాడు. పైపులు ఊది, కార్బొరేటర్ మళ్లీ కడిగి, కొత్త పెట్రోల్ పోశారు.

కుర్ర్... కుర్ర్... భడభడభడ!

నల్లటి పొగ లేచింది. కోళ్లు కొక్కొక్కో అంటూ పరుగెత్తాయి. వీధిలో పిల్లలంతా కేకలు పెడుతూ లక్ష్మన్నతో పాటు వెనక ఎక్కేశారు. జేజి మళ్లీ ముందు సీటెక్కింది. ఆమె పక్కన లేవి, హర్షిణి ఇరుక్కుని కూర్చున్నారు. లారీ ఊగుతూ మైదుకూరు రోడ్డెక్కింది.

"గేర్ రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డుండాదే, అదేంటికి?" లేవి హర్షిణిని అడిగాడు.

హర్షిణి దాన్ని అటూ ఇటూ చూసింది.

"నాకు తెలీదురా," అని నవ్వేసింది. వెంటనే ఇంజన్ మోతను మించి అరిచింది. "నాన్నా! ఈ పొట్టి రాడ్డు ఏంటికి?"

నాన్న నోరు తెరిచేలోపే జేజి అందుకుంది. "బురదలో దిగబడితే ముందర చక్రాలు గూడా లాగేదానికి. నేనూ మీ జేజినాయనను అట్లే అడిగింటి!"