నలభై ఒకటో నంబరు ఏప్రన్

మధ్యాహ్నం ఇంకా వాలనేలేదు... అప్పుడే అసురసంధ్య! ఆ లోయకు అదే శాపం. పడమటి కొండ సూర్యుణ్ణి పట్టపగలే గుటుక్కున మింగేస్తుంది. హిమశిఖరాల మీద కారుమేఘాలు కాలసర్పాల్లా బుసకొడుతున్నాయి. ఫెళఫెళార్భాటంతో ఉరిమిన ఉరుముకు కొండవాలు హోటలు అద్దాలన్నీ వణికాయి. దేవదారు చెట్లలో ఎక్కడో గుడ్లగూబ కూసింది...

హోటలు నేలమాళిగలో, లాండ్రీ పక్కన మూలబడ్డ బాయిలర్ గదిలో అక్క మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఎదురుగా పాత సామాన్లలోంచి ఎత్తుకొచ్చిన కొండమేక పుర్రె! దాని వంకర కొమ్ముల మధ్య కొవ్వొత్తి. ముందు ఇస్త్రీ మడత చెదరని ఏప్రన్... అంచున కుట్టిన పట్టీ మీద ఎర్రదారంతో నలభై ఒకటి.

అది లాండ్రీ పిల్ల పిచ్చుక నంబరు.

పరాయిదేశపు ఆ కొండ ఊళ్ళో తెలుగు మాట తెలిసినవాళ్ళు వాళ్ళిద్దరే. అక్క మూడు చలికాలాలుగా గదులు ఊడ్చి, దుప్పట్లు మార్చి నడుం విరగ్గొట్టుకుంది. పిచ్చుక వచ్చింది మొన్న వానలు వెలిశాక. చేతనైన పని చేసుకుంటూ దేశాలు చూసే పిల్ల. లాండ్రీలో ఇస్త్రీ పని దొరికింది. వచ్చినరోజు దాని పెట్టె మోసి, తన గదిలో రెండో మంచం చూపించి, ఉన్ని మేజోళ్ళు ఇచ్చింది అక్కే.

ఇక చూడండి! నెల తిరక్కుండానే రొట్టెల కొట్టు ముసలాయన దానికోసం వేడి రొట్టె దాచిపెట్టడం మొదలెట్టాడు. బస్సు డ్రైవరు దాన్ని చూస్తే హారన్ మోగించకుండా పోడు. ఇన్నేళ్ళలో అక్కను పలకరించిన పాపాన పోయినవాడు ఒక్కడు లేడు. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా? అక్క కడుపులో కుంపటి రాజుకుంది.

ఆ కుంపట్లో కిరోసిన్ పడింది మొన్న. సూపర్‌వైజర్ ఉద్యోగం ఖాళీ అయింది. అది దక్కితేనే అక్కకు వీసా పొడిగిస్తారు. లేదా, మంచు కరిగేలోపు మూటాముల్లే సర్దుకోవాల్సిందే. అలాంటి ఉద్యోగానికి మేనేజరమ్మ మొదట పిలిచింది ఎవరిని? పిచ్చుకను!

"ఏమండీ సూపర్‌వైజర్‌గారూ, ఇకమీదట తమరి పక్క కూడా మేమే దులపాలా?" అంది అక్క ఆ సాయంత్రం.

"దులుపక్కా, పుణ్యముంటుంది!" పకపకా నవ్వింది పిచ్చుక. "నాకెందుకే ఆ గోల? ఒకచోట నాలుగు నెలలుంటే అరికాళ్ళు దురదపెడతాయి నాకు."

నంగనాచి! అబద్ధం కూడా ఎంత అందంగా ఆడుతుందో! ఆ నవ్వే అక్క గుండెల్లో గునపమై దిగింది.

అప్పుడే గుర్తొచ్చింది, ఎప్పుడో చచ్చిపోయిన అమ్మమ్మ. ఆమె వీధిలోకి వస్తే తలుపులు మూసుకునేవారు... అంతటి క్షుద్రవిద్య! "మనం లేపే పిశాచం గుడ్డిది తల్లీ," అని చెప్పేది. "మొహం చూడదు, పేరు వినదు. ముందు పెట్టిన బట్టలో ఉతికినా పోని చెమట వాసన పట్టుకుని పోతుంది. ఒకసారి లేచాక లేపినవాళ్ళ మాట కూడా దానికి పట్టదు."

ఇప్పుడు, ఈ బాయిలర్ గదిలో, అక్క వేలు కోసుకుంది. నెత్తుటి బొట్టు పుర్రె నుదుట జారింది...

"ఆ చేతులు చచ్చుబడాలి! ఆ నాలుక పడిపోవాలి!"

కొవ్వొత్తి నీలంగా మారింది... అవతల లాండ్రీలో ఆగి ఉన్న యంత్రాలు వాటంతటవే గిరగిరా తిరిగాయి... పుర్రె కంటిగుంటల్లోంచి నల్లటి ఆకారమొకటి పొగలా లేచింది! ఏప్రన్ మీదికి వంగింది. వాసన చూసింది. తలెత్తింది...

మెట్లవైపు పోలేదు. అక్కవైపు తిరిగింది!

"నా మీదికేంటి? పైకి పో! పైనుంది అది!" కీచుమంది అక్క.

ఆ కంగారులో ఏప్రన్ మడత విడింది. కొవ్వొత్తి వెలుగులో నడుంపట్టీ దగ్గర కనబడ్డాయి... నల్లదారంతో వంకరటింకర కుట్లు! రెండేళ్ళ కిందట తను వేసుకున్న కుట్లే! నంబరు పిచ్చుకది... గుడ్డ తనది... అందులో ఇంకిన మూడు చలికాలాల చెమటా తనదే!

"ఆగు! తప్పయింది... ఆగు!"

అది ఆగలేదు. అక్క పెట్టిన కేకకు హోటలు పునాదులు అదిరాయి!

"అక్కా! ఇక్కడేం చేస్తున్నావే?" ఒగర్చుకుంటూ మెట్లు దిగివచ్చింది పిచ్చుక. "ఉద్యోగం నీకే ఖాయం చేసింది మేనేజరమ్మ! నాకొద్దు, అక్కకిమ్మని నిన్ననే చెప్పేశా. ఆ చిరుగుల ఏప్రన్‌తో ఆవిడ ముందు నిలబడతావేమోనని నాది నీకు మార్చి, నంబర్లు కూడా విప్పి కుట్టా. చూసుకోనేలేదా? ...అక్కా? ఏమైందే నీకు? పలుకు!"

అక్క వేళ్ళు ఎండుకొమ్మల్లా వంకరపోయాయి. నోటిలో నాలుక రాయిలా పడి ఉంది.

మంచు కరగడం మొదలైనా పిచ్చుక ఊరు వదల్లేదు. "ముందు నువ్వు కోలుకోవే, నా అరికాళ్ళ దురద సంగతి తర్వాత" అంటూ, రొట్టెల ముసలాయన దాచిపెట్టిన వేడి రొట్టెను పాలలో నానబెట్టి, చెంచాతో నోట్లో పెడుతోంది. కింద వీధిలో బస్సు హారన్ మోగింది. పిచ్చుక కిటికీలోంచి నవ్వుతూ చెయ్యి ఊపింది.

అక్క చూస్తూనే ఉంది. చేతులు చచ్చాయి, నాలుక చచ్చింది... కడుపులో కుంపటి మాత్రం భగభగా మండుతూనే ఉంది!