నిన్న నేనేం మాట్లాడాను?

పాపాయమ్మగారు ఇంటిపట్టున ఉండే మనిషే కాదు. రామచంద్రపురంలో ఆవిణ్ణి ఎరగని గడప లేదు. మధ్యాహ్నం ఓ కునుకు తీశారంటే, ఇక పక్క వీధిలో రాజరాజేశ్వరి ఇంటి అరుగు మీదే. నలుగురాడవాళ్ళూ కూర్చుని నోముకి దూది వత్తులు చేసుకుంటూ ఊరందర్నీ ఆడిపోసుకునేవారు. అందరిలోకీ ఈవిడదే పెద్ద నోరు.

వానాకాలంలో బాత్రూంలో జారిపడ్డారు. ఎముకలు బాగానే ఉన్నాయి, ధైర్యమే పోయింది. "ఇంక ఎక్కడికీ కదలకమ్మా, నీకు పుణ్యముంటుంది" అన్నాడు కొడుకు మురళీకృష్ణ. అతనూ, భార్య పావనీ పొద్దున్నే ఎరువుల కొట్టుకి పోతే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం. మొదట్లో పలకరించడానికి వచ్చినవాళ్ళు మెల్లగా రావడం మానేశారు. కూర్చుని కూర్చుని కాళ్ళు బిగుసుకుపోయాయి. మాట్లాడే మనిషి లేక గొంతు కూడా సన్నబడిపోయింది. ఒక్కోరోజు ఊరికే ఏడుపొచ్చేది పాపం.

అలాంటప్పుడు ఓ పొద్దున్న రాజరాజేశ్వరి ఫోన్ చేసింది.

"ఏంటండీ పిన్నిగారూ, నిన్న అలా మధ్యలో లేచి వెళ్ళిపోయారు?"

"ఎక్కణ్ణించమ్మా?"

"మా అరుగు మీంచేనండి. అందర్నీ అంత నవ్వించి..."

నేను రాలేదే అనబోయారు. కానీ ఎన్నాళ్ళకి వచ్చిన ఫోను అది! కాదంటే పెట్టేస్తుందేమోనని, "ఏదో పని గుర్తొచ్చిందమ్మా" అనేశారు.

అక్కడే చేశారు తప్పు.

ఆ తర్వాత రోజూ ఈవిడే ఫోన్ చేసి, "నిన్న నేనేం మాట్లాడాను?" అని అడిగేవారు. పెద్దతనం, మతిమరుపు అనుకుని రాజరాజేశ్వరి అన్నీ చెప్పేది. పిన్నిగారు కర్ర లేకుండా వచ్చారట. వత్తులు ఎంత సన్నగా చేశారో చెప్పలేమట. "ఫోన్లో మాత్రం మీ గొంతు బొత్తిగా గుర్తుపట్టలేకపోతున్నానండి" అనేది. ఆ మాటకి ఈవిడ భయపడి ఫోన్ పెట్టేసేవారు. అయినా అడక్కుండా ఉండలేకపోయేవారు. ఎవరైతేనేం, ఆ అరుగు మీద తన చోటు ఖాళీగా లేదు కదా అనుకునేవారు.

ఓ సాయంత్రం మబ్బుపట్టి కరెంటు పోయింది. చేల మీంచి తడిమట్టి వాసన వస్తోంది. ఒక్కరూ ఉండలేక ఫోన్ చేశారు. అవతల ఎత్తిన చప్పుడైంది.

"నేనేనమ్మా... పాపాయమ్మని."

"పిన్నిగారు ఇందాకే ఇంటికెళ్ళారు." రాజరాజేశ్వరి గుసగుసగా అంది. "ఆవిడ అంతా చెప్పేశారు... వాళ్ళింట్లో ఎవరో ముసలిది దూరిందట. పగలంతా కుర్చీలోనే ఉంటుందట. ఆవిడ ఫోన్లోంచి మాతో మాట్లాడుతోందట... నీకు దణ్ణం పెడతాను. మమ్మల్నొదిలెయ్."

ఫోన్ పెట్టేసింది.

గేటు చప్పుడైంది. సాంబ్రాణి వాసన, వేపమండల గలగల, ఎవరో మంత్రాలు గొణుగుతున్నారు... ఒకరు కాదు, చాలామంది అడుగులు. పాపాయమ్మగారు లేవబోయారు. కాళ్ళు రాలేదు. కొడుకుని పిలవబోయారు... గొంతులోంచి గాలే వచ్చింది.

గుమ్మం అవతల తన గొంతు వినబడింది. జారిపడకముందున్న గొంతు, నిండుగా.

"మెల్లగా చెయ్యండి నాయనా... పాపం, దానికి వెళ్ళడానికి వేరే చోటు లేదు."

"నువ్వు బయటే ఉండమ్మా" అంటున్నాడు మురళీకృష్ణ. "దాని సంగతి నేను చూస్తాను."