పొగగొట్టం చూడ్డానికి వచ్చినవాడు

"పొగగొట్టం చూడాలండీ."

తలుపు తీసిన జిసెల్ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. చేతిలో టార్చిలైటు. చంకలో కాగితాల కట్ట.

"ఎందుకు? అది ఎక్కడికైనా పారిపోతుందా?"

"లేదండీ. అంటుకుంటుందేమోనని."

అది 1981 అక్టోబరు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, నది పక్కన ఫ్రెంచి మాట్లాడే కుటుంబాలు స్థిరపడ్డ చిన్న ఊరు. చమురు ధర మండిపోతుంటే ఇంటింటా మళ్లీ కట్టెల పొయ్యిలు వెలిగాయి. ఆ ఊరి ఫైర్ స్టేషన్‌లో జీతం తీసుకునేవాడు ఒక్కడూ లేడు. మంగలి, పాలవాడు, బూట్ల ఫ్యాక్టరీ కుర్రాళ్లు... సైరన్ మోగితే చేతిలో పని అక్కడే వదిలి పరుగెత్తేవారు. ఫోన్లు జేబుల్లోకి రాని రోజులు. స్టేషన్ కప్పు మీది ఆ సైరన్ ఒక్కసారి మోగితే నదికి అవతల ఆవులు కూడా తలెత్తేవి.

ఆ వేసవిలోనే జిసెల్ అమ్మమ్మకు తోడుగా వచ్చి, ఊరి లైబ్రరీలో ఉద్యోగంలో చేరింది. అమ్మమ్మను అక్కడ మెమే అంటారు.

వచ్చినవాడి పేరు లియోనెల్, ఆ జీతంలేని ఫైర్ కుర్రాళ్లలో ఒకడు. పొయ్యి గొట్టం ఊడదీసి, చిన్న అద్దం పెట్టి పైకి చూశాడు.

"వేలెడు మందాన మసి పట్టింది. శుభ్రం చేసేదాకా వెలిగించొద్దు."

"మా మెమే నలభై ఏళ్లుగా దీని మీదే వండుతోంది. మీకెన్నేళ్లు?"

"ఇరవై ఆరు."

"మరి?"

"గొట్టానికి నలభై కదండీ. నా బెంగంతా దాని గురించే."

లోపల కుర్చీలో ఉన్న మెమే పకపకా నవ్వింది. జిసెల్‌కు ఒళ్లు మండింది.

ఆదివారం చర్చి నుంచి తిరిగొచ్చేసరికి అతను బ్రష్షు పట్టుకుని కప్పు మీద ఉన్నాడు. గాలి ఎటు వీస్తోందో చూసుకోలేదు. పెరట్లో తీగ మీద ఆరేసిన నాలుగు తెల్ల దుప్పట్లూ క్షణంలో నల్లబడ్డాయి.

"దిగండి కిందికి!" అని అరిచింది జిసెల్.

దిగాడు. కళ్లు తప్ప మొహమంతా మసే.

"అయ్యో... నేను ఉతుకుతానండీ."

"ఉతక్కపోతే వదుల్తానా?"

పక్కింటివాళ్లు కంచె మీద మోచేతులానించి చూస్తుండగా, తొట్టిలో చేతులు ముంచి రెండు గంటలు ఉతికాడు. అయినా ఆ తెలుపు మళ్లీ రాలేదు. మెమే బతికున్నన్నాళ్లూ ఆ బూడిదరంగు దుప్పట్లే కప్పుకుంది, మార్చమన్నా మార్చలేదు.

పోతూపోతూ వంటింటి కప్పుకు పొగ అలారం బిగించి వెళ్లాడు. పంది మాంసం వేయిస్తే చాలు, కీచుమనేది. నవంబరులో దాని బ్యాటరీ మూడుసార్లు మాయమైంది. మూడుసార్లూ జిసెల్ స్టేషన్‌కు ఫోన్ చేసింది, మూడుసార్లూ లియోనెల్ వచ్చాడు.

"అది తనంతట తనే నడిచెళ్లి సొరుగులో పడుకుంటోంది నాయనా," అంది మెమే, మనవరాలి వైపు చూడకుండా.

లియోనెల్ నిచ్చెన దిగి చేతులు దులుపుకున్నాడు. "బ్యాటరీ తియ్యకండి, ప్రమాదం," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఊరికే రమ్మన్నా వస్తాను."

జిసెల్ చెవులదాకా ఎర్రబడింది. ఆ తర్వాత అలారం జోలికి ఎవరూ పోలేదు. అతను మాత్రం ఊరికే రావడం మొదలుపెట్టాడు. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

డిసెంబరులో చర్చి హాల్లో డాన్సు. నీలం గౌను కుట్టించుకుంది జిసెల్. రెండో పాట సగంలో సైరన్ మోగింది. ఆమె నడుం మీది లియోనెల్ చెయ్యి మాయమైంది. ఊరంతా చూస్తుండగా హాలు మధ్యలో ఒంటరిగా నిలబడింది.

మర్నాడు అతను వస్తే గుమ్మంలోనే ఆపేసింది.

"ఒక్క మాట చెప్పి వెళ్లకూడదా?"

"ఆ ఒక్క మాటకీ టైముండదు జిసెల్."

"ఎప్పుడూ ఇంతేనా?"

అబద్ధం చెప్పడం చేతకానివాడు. "ఇంతే," అన్నాడు.

"అయితే ఇక రాకు."

రాలేదు. మూడు వారాలు.

జనవరిలో ఒక తెల్లవారుజామున, సున్నాకు ఇరవై డిగ్రీల కింద చలిలో సైరన్ మోగింది. వీధి చివర ముసలి బూషే గారు వేడి బూడిదను అట్టపెట్టెలో పోసి చెక్క వసారాలో పెట్టారట. ఇనుప బకెట్‌లోనే పొయ్యమని లియోనెల్ రెండుసార్లు చెప్పొచ్చాడు. ముసలాయన వినలేదు.

మెమే బఠాణీ సూప్ గిన్నె చేతికిచ్చింది. "స్టేషన్‌కు పట్టుకెళ్లు. వాళ్లు గడ్డకట్టి వస్తారు."

స్టేషన్‌లో ఊరి ఆడవాళ్లు కాఫీ కాస్తున్నారు. జిసెల్ గుమ్మం దగ్గరే నిలబడింది. తొమ్మిదింటికి ఒక బండి వచ్చింది. ఏడుగురు దిగారు. లియోనెల్ లేడు.

"బూషే గారు?" అని ఎవరో అడిగారు.

"బతికాడు. లియోనెల్ మోసుకొచ్చాడు."

"మరి లియోనెల్?" అడిగింది జిసెల్.

స్టేషన్ చీఫ్ హెర్వే టోపీ తీశాడు. ఆమె గుమ్మాన్ని పట్టుకుంది. ఆయన టోపీ మీది మంచు దులుపుకుని, "పైపు చుట్టి వస్తున్నాడమ్మా," అన్నాడు.

రెండో బండి వచ్చేసరికి పది. లియోనెల్ కొయ్యబొమ్మలా దిగాడు. పైపు నీళ్లు పడి కోటంతా మంచు పలకైంది. చేతులు వంగడం లేదు. జిసెల్ వేడినీళ్లలో గుడ్డ ముంచి, మంచు కరగడానికి కోటు మొదటి బకిల్ మీద పెట్టింది.

"ఇప్పుడు కదల్లేను," అన్నాడు అతను పళ్లు టకటకలాడుతుంటే. "తిట్టాలంటే ఇదే అదను."

"తిట్టడానికి రాలేదు. ఎదురుచూడ్డం ఎలా ఉంటుందో చూద్దామని వచ్చా."

"ఎలా ఉంది?"

"ఘోరంగా." మొదటి బకిల్ ఊడింది. ఆమె కళ్ల నీళ్లు ఆగలేదు. "అయినా ఎదురుచూడగలననుకుంటా."

అతను ఆ నీలిపెదాలతోనే అడిగాడు. "నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"ముందు సూప్ తాగు."

"చెయ్యి లేస్తే కదా!"

కాఫీ కప్పుల చప్పుడు ఆగిపోయింది. చీఫ్ హెర్వే పొయ్యి దగ్గర్నుంచి కేకేశాడు. "తొందరగా చెప్పు పిల్లా! మా కోట్లూ గడ్డకట్టే ఉన్నాయి!"

జిసెల్ నవ్వింది, ఏడ్చింది, సరేనంది. కోటు మాత్రం ఇంకో పావుగంటకు గానీ ఊడలేదు.