పరస్థానం బ్యాగు

"తల దించు!"

వాసంతి దించదు. సీట్లోంచి వెనక్కి తిరిగి అద్దంలోంచి చూస్తుంది.

రెండు లైట్లు...

మాచర్ల దాటిన దగ్గర్నుంచీ వెంటే ఉన్నాయి. కారు నెమ్మదిస్తే నెమ్మదిస్తున్నాయి. ఉరికితే ఉరుకుతున్నాయి.

"తల దించవే అంటంటే!"

జయకర్ అరుపుకి ఆమె ఉలిక్కిపడుతుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడు ఇలా అరవడం ఇదే మొదలు.

టైరు గుంతలో పడుతుంది. ఆమె తల వెళ్ళి కారు పైకప్పుకి తగులుతుంది. ఒళ్ళో బ్యాగు ఎగిరి పడుతుంది. అందులో ఎండ టోపీ ఉంది. ఈతకొట్టడానికి తనే కుట్టుకున్న నైలాన్ డ్రెస్సు ఉంది. చేతులు మణికట్టు దాకా, కాళ్ళు మడమ దాకా.

వాసంతి మాచర్ల బస్టాండు ఎదురుగా బట్టలు కుడుతుంది. జయకర్ ఈ కారునే బాడుగకు తిప్పుతాడు. ఇద్దరూ ఇంతవరకూ విమానం ఎక్కలేదు. సముద్రం చూసింది సూర్యలంకలో. అదీ ఒక్కపూట, చుట్టాల పెళ్ళికి పోయి.

ఈ రాత్రి వాళ్ళు అండమాన్ దీవులకు బయల్దేరారు!

తెల్లవారితే శంషాబాద్‌లో ఫ్లైటు...

అక్కడిదాకా పోగలిగితే.

"ఎవరయ్యా వాళ్ళు?"

"ఎవరో నీకు తెలీదా?"

తెలుసు.

పోయిన శ్రావణంలో, మిట్టమధ్యాహ్నం, బస్టాండులో పున్నయ్యని నరికేశారు. ఎరువుల కొట్టు పున్నయ్య. నరికింది పుల్లారావు. ఊరంతా చూసింది. చూశానని చెప్పింది మాత్రం ఒక్కతే.

వాసంతి!

పుల్లారావు బెయిలు మీద బయటే తిరుగుతున్నాడు. కేసు గురజాల కోర్టులో ఉంది. బుధవారం, అంటే రేపే, ఆమె బోనెక్కి సాక్ష్యం చెప్పాల్సింది.

కానీ వాయిదా పడింది. జయకరే వచ్చి చెప్పాడు.

"నెల దాకా కోర్టు లేదంట. ఈలోపు ఎటన్నా పోయొద్దామే. నీకు సముద్రమంటే ఇష్టం గదా?"

అంతే. వారం రోజులు ఆ ఇంట్లో వేరే మాట లేదు.

ఇద్దరూ ఫోను ముందు తలకాయలు ఆనించుకుని వీడియోలు చూశారు. హైదరాబాదు నుంచి మద్రాసు ఒక విమానం. మద్రాసు నుంచి దీవికి ఇంకో విమానం. మాచర్ల నుంచి గుంటూరు పోయే బస్సు కంటే తొందరగా దించేస్తారని తెలిసి వాసంతి నోరు తెరిచింది. దిగాక పడవ. పడవ దిగితే రిసార్టు. కొబ్బరి చెట్ల మధ్య చెక్క కాటేజీ. తలుపు తీస్తే నీళ్ళు... పచ్చగా, నీలంగా, అడుగున చేపలు కనపడేంత తేటగా.

"విమానంలో గోంగూర పచ్చడి పోనిస్తారా?"

"చేతి బ్యాగులో ఉంటే లాక్కుంటారంట."

"లాక్కుని ఏం చేసుకుంటారు?"

"ఏం చేసుకుంటారు, తింటారు!"

చేతి బ్యాగు ఏడు కిలోలు దాటకూడదంటే, మిరపకాయలు తూచే కాటా మీద పెట్టించి తూచింది. ఆ బ్యాగు ముట్టుకున్న ప్రతివాడూ ఇప్పటికీ తుమ్ముతున్నాడు.

"దిగే ఊరి పేరు మార్చారంట. శ్రీ విజయపురం అంట ఇప్పుడు."

"మన సాగర్ దగ్గర విజయపురి ఉండగా అంత దూరం దేనికయ్యా?"

"ఇక్కడ సముద్రం లేదే పిచ్చిదానా!"

ఎంత నవ్వుకున్నారు...

ఒక్కటే ఆమెకు అర్థం కాలేదు. టికెట్లు పోవడానికే ఉన్నాయి. రావడానికి లేవు.

"అక్కడికి పోయాక చూద్దాంలే. ఆఫర్లు పడతాయంట," అన్నాడు జయకర్. ఆమె కళ్ళలోకి చూడకుండా.

ఠప్!

వెనక బండి లైట్లు పెద్దవి చేస్తుంది. కారంతా తెల్లటి వెలుగు. రోడ్డు పక్క కల్లంలో ఆరబోసిన మిరపకాయలు ఒక్క క్షణం ఎర్రగా మెరిసి మాయమవుతాయి.

"దగ్గరికొచ్చారు! తొక్కవయ్యా!"

"తొక్కతన్నా! ఇంతకంటే పోదిది!"

హారన్... ఆగకుండా హారన్!

దూరంగా సాగర్ డ్యామ్ దీపాలు. వంతెన దగ్గర చెక్‌పోస్టు ఉంటుంది. పోలీసులుంటారు. అక్కడిదాకా పోతే చాలు.

"ఎవరికి చెప్పావే?" జయకర్ పళ్ళ మధ్య నుంచి అడుగుతాడు.

"ఏంది?"

"మనం పోతన్నట్టు ఎవరికి చెప్పావంటన్నా!"

"నేనెవరికీ చెప్పలా!"

"మరి వీళ్ళకెట్టా తెలిసింది?"

వాసంతి ఒళ్ళో బ్యాగు వైపు చూస్తుంది.

"చెప్పలేదు గానీ... ఇయ్యాళ మంగళారం గదా."

"అయితే?"

"మంగళారం ఇల్లు కదలకూడదు గదా. అందుకని నిన్న మంచి గడియలో బ్యాగు తీసుకుపోయి సుశీలక్క ఇంట్లో పెట్టా... పరస్థానం."

బయల్దేరే రోజు మంచిది కాకపోతే సామాను ముందురోజే పొరుగింట్లో పెడతారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. ఇక దోషం తగలదు. వాసంతి వాళ్ళమ్మ అలాగే చేసేది. మొదటిసారి విమానం ఎక్కబోతూ, మంగళవారం పూట గడప ఎలా దాటుతుంది?

జయకర్ స్టీరింగ్ మీద గుద్దుతాడు. ఒకసారి, ఇంకోసారి.

"గోడక్కూడా చెప్పద్దన్నా గదే!"

"సుశీలక్క గోడేందయ్యా! పక్కింటి మనిషి! ఎక్కడికే అంటే దీవులకని చెప్పా. అబద్ధం చెప్పమంటావా?"

"చెప్పాల్సింది! ఒక్కటన్నా చెప్పాల్సింది!"

అతను ఏడుస్తున్నాడు. కారు నడుపుతూనే ఏడుస్తున్నాడు.

వాసంతికి అప్పుడు తడుతుంది.

"కోర్టు వాయిదా పడితే మనకింత భయం దేనికి?"

జయకర్ గేరు మారుస్తాడు.

"నిన్నే!"

ఫోను మోగుతుంది. సుశీలక్క!

"ఏమే వాసంతీ!" అవతల గొంతు నిప్పులు కక్కుతుంది. "రేపు కోర్టు పెట్టుకుని దీవులకి పోతావంటే? ఒంటికి ఉప్పు నీళ్ళు తక్కువయినాయంటే నీకు?"

"కోర్టు వాయిదా పడింది గదక్కా!"

"ఎవడే చెప్పింది? పడలా! పున్నయ్య కూతురు భావన మా ఇంటికొచ్చి ఏడ్చింది. రేపు నువ్వు లేకపోతే ఆ తండ్రిలేని పిల్లకి దిక్కెవరే? సాగర్ రోడ్డున పోతన్నారని నేనే చెప్పా. మీ ఎనక వచ్చేది ఆ పిల్లేనే! కారు ఆపమ..."

జయకర్ చెయ్యి విసురుగా వస్తుంది. ఫోను లాక్కుంటుంది. కిటికీలోంచి బయటికి!

ఠక్... రాళ్ళ మీద ఎక్కడో పగిలిన చప్పుడు.

వాసంతి మొగుడి వైపు చూస్తుంది. ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూస్తుంది.

"వాయిదా పడలేదా?"

జయకర్ రోడ్డు మీంచి కళ్ళు తిప్పడు.

"వాయిదా పడలేదా అయ్యా?"

"...పడలా."

"ఈ టికెట్లు ఎవరిచ్చారు నీకు? ఆ రిసార్టు ఎవరు మాట్లాడారు?"

"నేనే. ఒట్టు, నేనే."

"నేను రేపు కోర్టులో లేకపోతే బతికిపోయేది ఎవరు? పుల్లారావు! ఆయన పంపిస్తన్నాడా మనల్ని దీవులకి?"

"వాసంతీ... విమానం ఎక్కినాక అంతా చెప్తా. నా మాట నమ్ము."

"ఇప్పుడు చెప్పు!"

అతను అద్దంలో వెనక బండిని చూస్తాడు.

"రాజీ అయిపోయిందే."

రాజీ!

పల్నాడులో ఎన్ని హత్యలు ఆ ఒక్క మాటతో మాసిపోయాయో! కత్తి పట్టినవాడూ, శవాన్ని మోసినవాడూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగే మాట. చూసినవాళ్ళ నోళ్ళకు తాళం వేసే మాట.

రాజీ ఎవరు పడ్డారని వాసంతి అడగదు. అడగాల్సిన పని ఏముంది? పక్కనే ఉన్నాడుగా!

"నన్ను అమ్ముకున్నావు..."

"నేను కాదే! ముందు పూర్తిగా విను, ఆ పి..."

వినదు.

హ్యాండ్ బ్రేకు పట్టుకుంటుంది. రెండు చేతులతో. పైకి లాగుతుంది!

కీ...చ్!

ప్రపంచం గిర్రున తిరుగుతుంది. డ్యామ్ దీపాలు ఎడమకి, చీకటి కుడికి, తెల్లటి లైట్లు కళ్ళలోకి... ధన్! కారు నాపరాళ్ళ కుప్పకు గుద్దుకుని ఆగుతుంది.

జయకర్ నుదురు స్టీరింగ్ మీద ఉంది. కనుబొమ్మ మీంచి నెత్తురు.

ఆమె చెయ్యి అతని వైపు పోబోతుంది... ఆగిపోతుంది.

తలుపు తోసుకుని దూకుతుంది. పరుగు! చెప్పులు ఊడిపోతాయి. కంకర అరికాళ్ళలో దిగుతుంది. పరుగు!

వెనక నుంచి బొంగురు కేక.

"వాసంతీ! ఆ బండి ఎక్కద్దే! ఎక్కద్దూ..."

ఆమె ఆగదు.

వెంట వచ్చిన బొలేరో ఆగుతుంది. వెనక తలుపు తెరుచుకుంటుంది. సన్నటి చెయ్యి బయటికి చాస్తుంది.

"అక్కా! రా అక్కా!"

భావన! పున్నయ్య కూతురు. తండ్రి శవం మీద పడి ఏడ్చిన రోజు ఎలా వణికిందో ఇప్పుడూ అలాగే వణుకుతోంది.

వాసంతి ఎక్కి కూలబడుతుంది. పిల్లని గుండెకి అదుముకుంటుంది.

"నాకు తెలీదమ్మా... నిజంగా తెలీదు. రేపు నేనొస్తా. చూసింది చూసినట్టు చెప్తా. ఎవడొచ్చి ఆపుతాడో చూస్తా!"

భావన మొహం ఎత్తదు.

క్లిక్.

తలుపుల లాకులు పడతాయి.

బండి కదులుతుంది. కానీ మాచర్ల వైపు తిరగదు. కొంచెం దూరం ముందుకు పోయి, జయకర్ కారు దాటి ఆగుతుంది. లైట్లు ఆరిపోతాయి.

వెనక అద్దంలో... రెండు బైకులు. లైట్లు లేకుండా. జయకర్ కారు పక్కన ఆగుతున్నాయి.

"వాళ్ళెవరు? భావనా! వాళ్ళెవరే?"

"మా తమ్ముడి కోసమక్కా..." పిల్ల కళ్ళు తుడుచుకుంటుంది. "రోజూ వాడి స్కూలు గేటు కాడ ఒక బండి నిలబడతంది. వాడు బయటికొస్తే హారన్ కొడతంది. ఏమీ చెయ్యదు... ఊరికే హారన్ కొడతంది. నాన్న ఎట్టాగూ రాడక్కా. వాడన్నా మిగలాలి గదా."

"ఏం చేశావే?"

"రాజీ పడ్డానక్కా."

వాసంతి పిల్లని వదిలేస్తుంది.

రాజీ పడింది జయకర్ కాదు!

డ్రైవరు మొహానికి చుట్టుకున్న తువ్వాలు నింపాదిగా విప్పుతాడు. అద్దంలో ఆ కళ్ళు...

పుల్లారావు!

"బాగుండావా చెల్లెమ్మా?"

ఆమె తలుపు పిడి గుంజుతుంది. రాదు. అద్దం మీద కొడుతుంది. పగలదు.

"ఎందుకమ్మా అంత ఆయాసం? నీకో సంగతి చెప్తా విను. నువ్వు దీవులకి పోయావనుకో. కేసు వాయిదా. మళ్ళీ వాయిదా. నా మెడ మీద కత్తి అట్టాగే ఉంటది. నాకది బాగుండదు. నువ్వు రావాలి. బోనెక్కాలి. ఏమీ చూడలేదనాలి. కేసు కొట్టేస్తారు. ఎవరి కొంప వాళ్ళది. మాట మారిందా, ఈ పిల్ల తమ్ముడు మిగలడు."

అతను వక్కపొడి నోట్లో వేసుకుంటాడు.

"మీ ఆయనకి ఈ రాజీ సంగతి ఎట్టనో తెలిసింది. నీకు చెప్తే నువ్వు ఈ పిల్ల ఇంటి మీదకి రంకెలేసుకుంటా పోతావు. పోతే నేను నిన్ను బతకనియ్యనని ఆయన భయం. అందుకని నోరు మూసుకుని నిన్ను దాచుదామనుకున్నాడు. తెలివిగలోడే... అంత తెలివి ఉండకూడదు."

రావడానికి టికెట్లు లేవు.

తిరిగి రావాలని అతను అనుకోలేదు. ఆ నీళ్ళ మధ్య, ఎవరూ తెలియని చోట, ఏదో ఒక బండి నడుపుకుంటూ... ఆమెను బతికించుకోవాలనుకున్నాడు. సముద్రం చూపిస్తానని చెప్పి.

పుల్లారావు బైకులవాళ్ళకి ఫోను కలిపి స్పీకర్లో పెడతాడు.

"వాసంతీ..."

జయకర్ గొంతు! మూలుగులాంటి గొంతు.

"ఉన్నావా అయ్యా? ఉన్నావా?"

"ఉన్నా... నీకేం కాలా గదా?"

పుల్లారావు గొంతు సవరించుకుంటాడు.

"రేపు జడ్జిగారు అడిగేది నేనిప్పుడు అడుగుతా. తప్పు లేకుండా చెప్పు. అమ్మా, ఆ రోజు బస్టాండులో నువ్వేం చూశావు?"

చూసింది.

కత్తి లేవడం చూసింది. పున్నయ్య చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూసింది. వీడి మొహం చూసింది. ఇన్ని నెలలు ఎంతమంది వచ్చి బతిమాలారు! ఎంతమంది బెదిరించారు! మిషను మీద నుంచి తల కూడా ఎత్తకుండా ఒకటే మాట చెప్పింది. చూశాను.

"చెప్పెయ్యవే!" ఫోనులో జయకర్ ఏడుస్తున్నాడు. "ఒక్క మాట! చెప్పేస్తే వదిలేస్తారంట. ఫ్లైటుకి ఇంకా టైముంది. పోదామే... చెప్పెయ్!"

పక్కన భావన రెండు చెవులూ మూసుకుంది.

వాసంతి పెదాలు కదులుతాయి.

"...చూడలేదు."

"గట్టిగా. జడ్జిగారికి చెవుడు."

"చూడలేదు! నేనేం చూడలేదు! ఆయన్ని వదిలిపెట్టు!"

పుల్లారావు తృప్తిగా తల ఊపుతాడు. ఫోను నోటి దగ్గర పెట్టుకుంటాడు.

"విన్నార్రా? ఇంక కానియ్యండి."

ఢాం!

ఫోనులో ఒకసారి. వెనక చీకట్లో ఒకసారి.

వాసంతి అరుస్తుంది. వెనక అద్దం వైపు తిరగబోతుంది. ముందు సీట్లోంచి వచ్చిన చెయ్యి ఆమె గడ్డం పట్టుకుని, మెల్లగా, ఇటు తిప్పుతుంది.

"అటు చూడకు చెల్లెమ్మా... ఇది కూడా నువ్వు చూడలేదు."