లోపలి వైపు మసక

మా ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు, పార్టీ లేదు. ఉన్నది ఒకటే పిచ్చి, బొమ్మ విమానాలు కట్టడం. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు కదా. ప్రొద్దుటూరులో మగవాళ్లు ఏ అరుగు మీద కూర్చున్నా బంగారం ధర గురించో, నిన్న ఎవరి మనుషులు ఎవరి మీద బాంబులు వేశారన్న దాని గురించో మాట్లాడుకునే రోజులవి. మా పార్థసారథిగారు మాత్రం ఆఫీసు నుంచి రాగానే కాళ్లు కడుక్కుని సామాన్ల గదిలో దూరి, రెండో ప్రపంచ యుద్ధంలో తెల్లవాళ్లు నడిపిన విమానానికి రెక్కలు అతికిస్తుండేవారు. పెళ్లిచూపుల నాడు ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు.

ఆ పెట్టెలు బెంగళూరు నుంచి వచ్చేవి. పైన మబ్బుల్లో మంటలు కక్కే విమానం బొమ్మ. లోపల చూస్తే బూడిద రంగు ప్లాస్టిక్ చట్రాలకు చిన్న చిన్న ముక్కలు, కొమ్మకు చింతకాయల్లా. ఒక్కొక్కటీ బ్లేడుతో కోయాలి, గరుకు కాగితంతో రుద్దాలి, గమ్ము లేకుండా ముందు అమర్చి చూసుకోవాలి. పైలట్ కూర్చునే గోరంత సీటు మొదట. తర్వాత ఒళ్లు, రెక్కలు. అన్నిటికన్నా చివర, పైలట్ నెత్తి మీద బోర్లించే అద్దం మూత.

“అది పడిందంటే ఇక తీయలేము వైదేహీ,” అనేవారు, శంకుస్థాపన చేస్తున్నంత గంభీరంగా.

నేను బడిలో పిల్లలతో అరిచి అరిచి ఇంటికొచ్చి ఈ పెద్ద పిల్లవాడికి కాఫీ పెట్టి ఇచ్చేదాన్ని. వెక్కిరించేదాన్ని గాని, ఆ గది వాసన నాకు ఇష్టం. రంగులు, వాటిని పలచన చేసే తిన్నరు, మూలన బస్తాలో శెనక్కాయలు.

ఆ ఎండాకాలం ఎలక్షన్లు దగ్గర పడ్డాయి. ఆఫీసు పని మీద ఎర్రగుంట్లకు పోయిన మనిషి సాయంత్రం ఒక కాలికి చెప్పు లేకుండా ఇంటికొచ్చారు. రైల్వే గేటు పడి బస్సు ఆగిందట. బస్సు ముందు ఒక అంబాసిడర్ కారు. సిమెంటు లారీల చాటు నుంచి కొందరు వచ్చి కారు మీద బాంబులు వేశారు. వాళ్లకు కావలసిన నాయకుడు అందులో లేడు. డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. కుళ్లాయప్ప అని, పులివెందుల దగ్గర వేముల వైపు కుర్రాడు, గొర్రెలు కాచుకునే ఇంటివాడు. బస్సులో జనమంతా దిగి పరుగెత్తారు. మా ఆయన చెప్పు తెగి కారు పక్కనే పడ్డారు.

పోలీసులు అడిగితే, ఎవరెవరిని చూశారో ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. ఇంటికొచ్చి నా మొహం చూశాక గాని తనేం చేశారో ఆయనకే తెలియలేదు. జమ్మలమడుగులో మెజిస్ట్రేటు ముందు మళ్లీ అదే చెప్పాలి. చెబితే చంపినవాళ్లు ఊరుకోరు. చెప్పకపోతే చచ్చినవాడి తరఫువాళ్లు ఊరుకోరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడే ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో అరటిపండ్లు.

“సార్, మీకు కండ్లద్దాలు లేకుంటే మనిషి ఆనడంట గదా. ఆ పొద్దు అద్దాలు పెట్టుకోనుండారా లేదా, బాగా గుర్తు చేసుకోండి. ఎవురికీ ఇబ్బంది లేకుండా పోతాది,” అన్నాడు. పోతూ పోతూ నా వైపు తిరిగి, “అమ్మగారు బడికి ఒక్కరే నడిచిపోతాంటారు. ఎండ శానా ఉండాది,” అన్నాడు.

అతను వీధి మలుపు తిరగగానే నేను తేల్చేశాను. బతికుంటే బలుసాకు తినొచ్చు.

“ఆ రోజు మీరు అద్దాలు పెట్టుకోలేదు,” అన్నాను.

న్యాయం కావలసినవాళ్లు న్యాయం చూసుకుంటారు, నాకు నా మనిషి కావాలి, అంతే.

తర్వాత ఊరు బందు పెట్టారు. మిట్టమధ్యాహ్నం వీధిలో కుక్క కూడా లేదు. అందరిలాగే మేమూ తలుపులు, కిటికీలు బిగించుకుని పగలే చీకట్లో కూర్చున్నాం. ఉక్క. ఎక్కడో టైరు కాలుతున్న వాసన. ఆయన సామాన్ల గదిలో లైటు వేసుకుని విమానం ముగించే పనిలో పడ్డారు. ఏదో ఒకటి చేయకపోతే పిచ్చెక్కేట్టుంది పాపం.

చూస్తే గమ్ము ట్యూబు ఎండిపోయింది. అంగళ్లన్నీ మూసి ఉన్నాయి. చెప్పు అతికించుకోవడానికి తెచ్చిన, చుక్క వేస్తే చటుక్కున పట్టేసే చుక్క గమ్ము ఇంట్లో ఉంటే, దాంతోనే అద్దం మూత అతికించేశారు. లోపల సీటు ఖాళీ.

కాసేపటికి “అరెరే” అన్నారు. పోయి చూశాను. కడిగిన గాజులా ఉండే మూత లోపలి వైపు తెల్లగా మసకబారింది, పాలు పోసి తీసిన గ్లాసులా.

“చుక్క గమ్ము ఆవిరికి ఇట్లా అవుతుంది. తెలిసి తెలిసీ వాడాను. ఇక పోదు,” అన్నారు. “వైదేహీ... ఆ కారు అద్దం కూడా ఇట్లాగే తెల్లబడింది. లోపల పొగ. వాడు అరచేత్తో తుడిచి బయటికి చూశాడు. నన్నే చూశాడు.”

“ఏమన్నాడు?”

“‘అప్పా, తలుపు తీయప్పా’ అన్నాడు. పక్కన కొడవలి పట్టుకున్నవాడు ‘పో సారూ’ అన్నాడు.” మూత వైపే చూస్తూ, “పోయాను,” అన్నారు.

పోలీసులకు చెప్పని ముక్క అది. నేను ఆయన తల నా కడుపుకు ఆనించుకున్నాను. ఆ పక్కనే బల్ల మీద ఆ విమానం. చూడకూడదనుకుంటూనే చూశాను. మసకలో ఒక్కచోట, ఆవగింజంత మేర, శుభ్రంగా ఉంది. తుడిచినట్టు.

గమ్ము అక్కడ తగల్లేదేమో అనుకున్నాను. అనుకోవాలి కదా.

బందు ఇంకా ఉండగానే వీధి తలుపు చప్పుడైంది. ఎదురుగా ఒక ముసలామె. భుజం మీద గొర్రెబొచ్చు కంబడి, గొర్రెల వాసన, ఎర్రమట్టి కాళ్లు. బస్సులు లేవు, ఎట్లా వచ్చిందో తెలియదు. నేను వద్దనేలోగా లోపలికి వచ్చి సామాన్ల గది గడప దగ్గర చతికిలబడింది.

“సామీ, నేను కుళ్లాయప్ప తల్లిని, అంకమ్మని. నువ్వు జూసినావంట. జూసింది చెప్పు సామీ. ఇంకేం అడగను.”

ఆయన తలెత్తలేదు. ఆమె కళ్లు గదంతా తిరిగి బల్ల మీద ఆగాయి. లేచి దగ్గరికి వెళ్లింది. వంగి చూసింది.

“ఏంది సామీ ఇది... లోపల పిల్లోడుండాడే. మూత ఏసినారెందుకు? ఊపిరాడక కొట్టుకుంటాండాడు. తీయండి సామీ...”

“అందులో ఎవరూ లేరమ్మా,” అన్నాను గట్టిగా. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె నన్ను కోపంగా చూడలేదు. జాలిగా చూసింది. కంబడి సర్దుకుని వెళ్లిపోయింది. తలుపు వేసి వెనక్కి తిరిగేసరికి, ఆ గదిలో నుంచి సన్నగా... టిక్... టిక్... గోటితో అద్దాన్ని కొట్టినట్టు. ఆయన రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చున్నారు.

జమ్మలమడుగుకు ఇద్దరం కలిసే పోయాం. మెజిస్ట్రేటు ముందు మా ఆయన, “ఆ రోజు నేను కళ్లద్దాలు పెట్టుకోలేదు. ఎవరినీ పోల్చుకోలేదు,” అన్నారు. కుళ్లాయప్ప తరఫువాళ్లు అక్కడే ఉన్నారు. ఒక్కరూ మీదికి రాలేదు. అంతా కలిసి ఆయన వైపు చూసి, అంకమ్మను పట్టుకుని నడిపించుకుంటూ పోయారు. ఆమె ఏడవలేదు. బస్టాండులో నేను జాంగ్రీ కొన్నాను. సిగ్గు లేకుండా కొన్నాను. నా మనిషి ప్రాణంతో నా పక్క సీట్లో కూర్చుని ఇంటికి వస్తున్నాడు, అంతకన్నా నాకేం కావాలి?

ఇంటికి చేరేసరికి దీపాల వేళ. కరెంటు లేదు. ఆయన వసారాలో కుర్చీలో కూలబడ్డారు. నేను వంటింట్లో లాంతరు కోసం తడుముతున్నాను.

టిక్... టిక్...

కాదు. ఇది గోటితో కాదు. అరచేత్తో. సామాన్ల గది తలుపు మీద, లోపలి నుంచి.

ఇల్లంతా టైరు కాలిన వాసన. మందుగుండు వాసన. మాకు తెలిసిన వాసనలే, కానీ ఇంట్లో నుంచి వస్తున్నాయి.

“అక్కా... తలుపు తీయక్కా...”

వసారా వైపు చూశాను. మసక వెలుతురులో కుర్చీ, కుర్చీలో తెల్ల చొక్కా భుజాలు. ఆయన అక్కడే ఉన్నారు. అమ్మయ్య. అయితే లోపల ఉన్నది ఆయన కాదు. ఆ తలుపుకు గడియ వేసి లేదు, తోస్తే వచ్చేస్తుంది. వచ్చి ఎవరి దగ్గరికి పోతుందో నాకు తెలుసు. పరుగెత్తి బయటి గడియ వేశాను. వీపు ఆనించి నిలబడ్డాను. తలుపు వేడిగా ఉంది.

“వైదేహీ...”

ఆయన గొంతే. అచ్చం ఆయన గొంతే.

మా అత్తగారు చెప్పేవారు, చీకటి పడ్డాక పేరు పెట్టి పిలిస్తే మూడోసారి గాని పలకొద్దని. దెయ్యం రెండుసార్లే పిలుస్తుందట. మనిషైతే మూడోసారీ పిలుస్తాడట. బడిలో పిల్లలకు సైన్సు చెప్పే నేను, ఆ మాట పట్టుకుని నోరు మూసుకుని నిలబడ్డాను.

“వైదేహీ... తీయవే...”

రెండు. పళ్లు బిగించాను. మూడోసారి కోసం చూశాను. తలుపు మీద చేతి చప్పుడు నెమ్మదించింది. కిందికి జారినట్టయింది. ఆగిపోయింది.

మూడోసారి పిలవలేదు. గెలిచాననుకున్నాను. వసారాలోకి పోయి, “ఏమండీ,” అని భుజం మీద చెయ్యి వేశాను. చొక్కా కుర్చీ వీపు మీద నుంచి జారి కింద పడింది. ఉక్కకు విప్పి ఆరేసుకున్నారు. అంతే. లోపల మనిషి లేడు.

ఆ తర్వాత గడియ ఎట్లా తీశానో గుర్తు లేదు. ఆయన తలుపు వెనకే పడి ఉన్నారు, బనీనుతో. అద్దాలు మొహం మీదే ఉన్నాయి. డాక్టరు గుండె ఆగిందన్నాడు. అరచేతుల నిండా బొబ్బలు చూపించి ఇవేమిటని అడిగితే తల తిప్పుకున్నాడు. గదిలో నిప్పన్నది లేదు. అగ్గిపెట్టె కూడా లేదు.

కర్మలయ్యాక అంకమ్మ వచ్చింది. తిట్టడానికి వచ్చిందేమో, తిట్టనీ అనుకున్నాను. ఆమె నేరుగా గదిలోకి పోయి విమానం ముందు వంగింది. చాలాసేపు చూసింది. మొహంలో ఏదో సడలింది.

“మా వోడు లేడమ్మా ఇందులో. బయటపడినాడు,” అంది. మళ్లీ వంగింది. “ఇప్పుడు ఎవురో కండ్లద్దాల ఆయప్ప కూర్చోనుండాడు.”

నేనూ వంగాను. నాకు తెల్లటి మసక తప్ప ఏమీ కనిపించలేదు. ఆమె కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

“ఏం చేస్తున్నారు? చెప్పమ్మా, ఏం చేస్తున్నారు ఆయన?”

“నోరు ఆడతాంది... ఎవురినో పిలుస్తాండాడు. నాకు ఇనపడలే.”

“ఆఁ... ఇక్కడే ఉన్నానండీ... వస్తున్నా...” అని అరిచాను. బ్లేడు తీసుకుని మూత అంచున గుచ్చాను. వేలు తెగింది. చివరికి ఫట్ మని మూత విరిగి ఊడిపోయింది.

అంకమ్మ వంగి చూసింది. “ఎవురూ లేరమ్మా,” అంది. నా తల నిమిరి, కంబడి కప్పుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ ఇంట్లోనే ఉంటున్నాను. ఏ తలుపుకూ గడియ వేయను. చీకటి పడ్డాక గాలికి ఆకు కదిలినా, మొదటిసారికే “ఆఁ” అని పలుకుతాను. ఎవరూ రారు. విమానం బల్ల మీదే ఉంది, మూత లేకుండా. రోజూ పొద్దున్నే ఆ గోరంత సీటు మీద వేలు పెట్టి చూస్తాను. ఎవరో ఇప్పుడే లేచిపోయినట్టు వెచ్చగా ఉంటుంది.