ఇక్కడ నొప్పిగా ఉందా?

పాత పడవలు అమ్మే ఆ షెడ్డు వెనకవైపుకి, దీపాలు పెట్టాక ఎవరూ వెళ్ళరు. అక్కడ దిమ్మల మీద ఎత్తి నిలబెట్టిన తెరచాప పడవ ఒకటుంది. పగలంతా బుద్ధిగా ఉంటుంది. చీకటి పడితే చాలు... మూలుగుతుంది.

"ఊఁ... ఊఁ..." అని.

మూడేళ్ళలో ఎనిమిదిమంది దాన్ని కొందామని వచ్చారు. ఎనిమిదిమందికీ బేరం మధ్యలో ఏదో పని గుర్తొచ్చింది. ఒకాయనకైతే ఎంత అర్జెంటు పని గుర్తొచ్చిందంటే, చెప్పులు కూడా అక్కడే వదిలేశాడు.

"గాలండీ, గాలి," అంటాడు షెడ్డు యజమాని. ఈయన్ని అందరూ రంగులాయన అంటారు. పడవకి ఏ రోగమొచ్చినా ఈయన దగ్గర ఒకటే మందు — పైన ఇంకో పూత రంగు.

తొమ్మిదోవాడు పళ్ళ డాక్టరు. ఏడింటికి గానీ క్లినిక్ మూయడు కాబట్టి, సంచీతో సహా వచ్చేసరికి చీకటి పడనే పడింది. వెంట భార్య. ఆవిడకి ఈత రాదు. మోకాలి లోతు నీళ్ళు కనిపించినా మొగుడి చెయ్యి పట్టుకుంటుంది. పాతికేళ్ళుగా ఆయన నిద్రలో సముద్రం సముద్రం అని కలవరిస్తుంటే వినలేక, చివరికి ఒక్క షరతు మీద దిగొచ్చింది.

"పడవ అడుగున ఒక్క చెక్క పుచ్చి ఉన్నా నేనెక్కను. నేనెక్కకపోతే మీరూ ఎక్కరు."

"ఒక్కటీ పుచ్చలేదు చెల్లెమ్మా, నాదీ పూచీ," అన్నాడు రంగులాయన.

"మీ పూచీ నీళ్ళలో తేలుతుందా అన్నయ్యగారూ?"

రంగులాయన వినపడనట్టు టార్చిలైటు కోసం షెడ్డులోకి వెళ్ళాడు.

డాక్టరుకి పడవలు చూడటం రాదు. పళ్ళు చూడటం వచ్చు. సంచీలోంచి చిన్న సుత్తీ, పళ్ళు గీకే కొక్కెం పుల్లా తీసి, పడవ పొట్ట కింద గొంతుక్కూర్చున్నాడు. గట్టి చెక్క టక్కంటుంది, పుచ్చిన చెక్క డబ్‌మంటుంది... అంతవరకు ఎవరినో అడిగి తెలుసుకునే వచ్చాడు.

కొట్టాడు. టక్.

"ఇక్కడ నొప్పిగా ఉందా?" అనేశాడు.

నాలుక కరుచుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళ అలవాటు మరి. భార్య విన్నదేమోనని అటు చూశాడు—

"లేదు..."

పడవ లోపలినించి. సన్నగా.

ఆవిడ వేళాకోళమేమో అనుకుందామంటే, పదడుగుల అవతల నిలబడి చెప్పుల్లో ఇసుక దులుపుకుంటోంది. ఆయన చెయ్యి జానెడు పక్కకి జరిగింది. జరిపింది తను కాదని తరువాత ఒట్టేసి చెప్పాడు.

టక్.

"ఇ... ఇక్కడ?"

"లేదు..."

ఇంకాస్త కిందకి. ఈసారి డబ్‌మంది.

"ఇక్కడ?"

"అబ్బా!!"

"ఎంతకాలంగా ఉంది?"

"మూడేళ్ళుగా... డాక్టరు గారూ..."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చూపించుకోలేదు?" అని గదమాయించాడు.

అంతవరకు మాట్లాడింది వృత్తి. భయం అప్పుడొచ్చింది. లేచి పారిపోబోయి ముందుకి తూలేసరికి, చేతిలో కొక్కెం ఆ చెక్కలోకి పిడిదాకా దిగబడింది. నాలుగు పూతల రంగు కింద చెక్క నానిన రొట్టెలా ఉంది.

సరిగ్గా అప్పుడే టార్చితో వచ్చిన రంగులాయన, ఆ "మూడేళ్ళుగా" విన్నాడు. టార్చి జారవిడిచాడు. "గాలండీ... గాలి!" అని అరుస్తూ గేటు దాకా పరుగెత్తాడు.

డాక్టరు భార్య నింపాదిగా టార్చి తీసుకుంది. ఆవిడకి దెయ్యాలంటే భయం లేదు. ఉన్న భయమంతా నీళ్ళకే ఖర్చయిపోయింది. పడవకి ఆనించి ఉన్న నిచ్చెనెక్కి, పైన చెక్కమూత లాగి, లోపలికి వెలుగు కొట్టింది.

"ఎవరది? బయటికి రా!"

వచ్చాడు. షెడ్డు వాచ్‌మన్! ఎడమ బుగ్గ కొబ్బరికాయంత ఉంది.

మూడేళ్ళ కిందట ఇతను ఈ డాక్టరు కుర్చీలోంచే, మెడకి కట్టిన గుడ్డతో సహా పారిపోయాడు. అప్పటినించీ రోజూ చీకటి పడగానే ఈ పడవలో దూరి, పుచ్చుపన్నున్న బుగ్గని పుచ్చిన చెక్కకి ఆనించుకుంటున్నాడు. చెక్క తడిగా, చల్లగా ఉంటుందట. హాయికి మూలుగు దానంతటదే వస్తుందట. ఈ పూట సంచీతో గేట్లోకొస్తున్న డాక్టర్ని చూసి, తనకోసమే వచ్చాడనుకుని ముందే దాక్కున్నాడు. సుత్తి దెబ్బ సరిగ్గా బుగ్గ అవతలే పడింది.

"చెప్పానా, గాలేనని!" అన్నాడు రంగులాయన, ధైర్యంతో పాటు తిరిగొచ్చి.

డాక్టరు నుదురు తుడుచుకుని నవ్వాడు. "చంపేశావయ్యా! ముందు రెండుసార్లు లేదు, లేదు అన్నప్పుడే నా గుండె జారిపోయింది."

వాచ్‌మన్ బుగ్గ పట్టుకుని వెర్రిమొహం వేశాడు. "లేదన్నానా? నేనా?"

"మరెవరు?"

"నోరు తెరిస్తేనే ప్రాణం పోతోంది, ఊరికే లేదూ లేదూ అని ఎందుకంటానండీ? నేనన్నది 'అబ్బా' నించే..."

అందరూ రంగులాయన వంక చూశారు. ఆ పూట గాలి కూడా లేదు.

ఆవిడ మళ్ళీ నిచ్చెనెక్కి లోపలికి వెలుగు కొట్టింది. ఒక బక్కెట్టు. రెండు తాళ్ళు. అంతే.

డాక్టరు సుత్తిని సంచీలో పడేయబోయాడు. అయినా చూడాల్సిన చోటు ఇంకొకటి మిగిలే ఉంది. రెండువైపుల చెక్కలూ వచ్చి కలిసే నట్టనడుమ గీత... అది పోతే పడవే పోతుంది. వంగి, కళ్ళు మూసుకుని కొట్టాడు.

టక్.

"ఇ... ఇ... ఇక్కడ?"

"లేదు..." అంది ఖాళీ పడవ.

రంగులాయనా వాచ్‌మనూ ఒకేసారి గేటు దాటారు. వాచ్‌మన్ పన్ను మాటే మరిచిపోయాడు.

ఆవిడ నిచ్చెన దిగి, మొగుడి భుజం తట్టింది.

"విన్నారుగా? ఆ అన్నయ్యగారేమో ఒక్కటీ పుచ్చలేదని దబాయించాడు. ఇది అడిగినప్పుడల్లా ఉన్నదున్నట్టు చెబుతోంది. ఆ ఒక్క చెక్కా మార్పించి కొనేయండి." పడవ వంక చూసి గొంతు తగ్గించింది. "సముద్రం మీదికి వెళ్ళాక కూడా... మధ్యమధ్యలో అడుగుతూ ఉండొచ్చు."